మంగు అనుకున్నదంతా మంగు కాదు: హార్బర్ నుంచి వచ్చిన ఒక కేసు

సంక్రాంతి వెళ్ళిన రెండో వారం. ఎంవీపీ కాలనీలోని మా క్లినిక్‌లో సాయంత్రం ఓపీ నడుస్తోంది. ఒకావిడ కూతురిని వెంటబెట్టుకుని వచ్చింది. కుర్చీలో సరిగా కూర్చోకముందే గుడ్డ సంచీ విప్పి టేబుల్ మీద నాలుగు వస్తువులు వరసగా పెట్టింది. చివరిదాకా పిండి తోక మడిచిన ఒక ట్యూబు. పేరూ ఊరూ లేని తెల్ల డబ్బా. సగం అరిగిన జాజికాయ. ఎండి గట్టిపడిన నిమ్మచెక్క.

"మొకానికి, సేతులకి రాసినవన్నీ తెమ్మన్నారంట కదా డాక్టరమ్మా, ఇయ్యే," అంది.

మచ్చల కోసం అపాయింట్‌మెంట్ అడిగిన ప్రతివాళ్ళకీ మా రిసెప్షన్ అమ్మాయి ఫోన్లో ఈ మాట చెబుతుంది. సగం మంది తేరు. తెచ్చినవాళ్ళు కూడా తిడతాననుకునే ట్యూబుని హ్యాండ్‌బ్యాగులోనే ఉంచేసుకుంటారు. ఈవిడ నిమ్మచెక్కతో సహా తెచ్చింది. అది తేకపోయి ఉంటే ఈ కేసులో ఒక ముక్క నాకు అర్థమయ్యేదే కాదు.

ఆవిడని అడిగే ఈ కేసు రాస్తున్నాను. గుర్తుపట్టడానికి వీలయ్యే వివరాలు కొన్ని మార్చాను.

వయసు 51. ఫిషింగ్ హార్బర్ దగ్గర చేపలమ్ముతుంది. తెల్లవారుజామున ఐదింటికి వెళితే తట్ట ఖాళీ అయ్యేసరికి పన్నెండు. ముప్పై ఏళ్ళుగా ఇదే. రెండో కాన్పప్పుడు చెంపల మీద మంగు వచ్చింది, పోలేదు. ఎవరో శని పట్టిందన్నారట, శనివారాలు నూనె పోసి వచ్చింది. జాజికాయ సానరాయి మీద పాలతో అరగదీసి రాసింది. మన ఇళ్ళల్లో మంగు అనగానే జాజికాయే కదా, మా అమ్మమ్మా రాసుకునేది. దానితో తగ్గినవాళ్ళని నేను చూడలేదు గానీ, చర్మం మండి మచ్చ ఇంకా ముదిరినవాళ్ళని చూశాను.

మూడేళ్ళ క్రితం పక్క తట్టావిడ మందుల షాపులో దొరికే ఒక ట్యూబు పేరు చెప్పింది. అదే ఈ తోక మడిచిన ట్యూబు. చూడగానే తెలిసింది: మొమెటాసోన్ అనే స్టెరాయిడ్, హైడ్రోక్వినోన్, ట్రెటినాయిన్ మూడూ కలిపిన క్రీము. మొదటి నెలలో మొహం అద్దంలా తేటపడిందట. ఆపితే రెండు రోజుల్లో మంట, దురద, ఎరుపు. మళ్ళీ రాస్తే చల్లబడేది. అలా మూడేళ్ళు రాసీసుకుంది.

కూతురి పెళ్ళి శ్రావణంలో. "ఫోటోల్లో మా అమ్మ మొహం సగం నల్లగా, సగం ఎర్రగా పడుతోంది మేడమ్," అని కూతురు. తల్లి మాత్రం తేల్చేసింది: "పెళ్ళి నాటికి తేటగా ఉంటే సాలు. తెల్లగా అవ్వక్కర్నేదు."

ఆ ఒక్క మాటతో నాకు సగం పని తగ్గింది. తెలుపు కావాలని వచ్చేవాళ్ళకి వైద్యం చెప్పడం కష్టం.

ఆ ట్యూబు గురించి కొంచెం చెప్పాలి. అందులోని మందులు చెడ్డవి కావు. 1975లో అమెరికాలో క్లిగ్‌మన్, విల్లిస్ అనే ఇద్దరు డాక్టర్లు హైడ్రోక్వినోన్, ట్రెటినాయిన్, ఒక స్టెరాయిడ్ కలిపి మచ్చలకు వాడి చూపించారు. నేటికీ మెలస్మాకి, అంటే మన మంగుకి, బాగా పనిచేసే మందుల్లో ఈ మూడింటి కలయిక ఒకటి. నేనూ రాస్తాను, ఎనిమిది వారాలకి మించకుండా, మధ్యలో పిలిచి చూస్తూ. మనవాళ్ళు దాన్ని కోల్డ్ క్రీములా ఏళ్ళ తరబడి రాసుకోవడంతోనే చిక్కు. ముఖం మీద రోజూ స్టెరాయిడ్ పడితే చర్మం పలచబడుతుంది, ఎర్ర నరాలు తేలతాయి, నూగు వస్తుంది, చివరికి అది లేకుండా చర్మం ఉండలేని స్థితికి చేరుతుంది. పూత మందుల స్టెరాయిడ్‌లని 2018లో షెడ్యూల్ హెచ్‌లో కచ్చితంగా చేర్చారు, డాక్టరు చీటీ లేకుండా అమ్మకూడదు. ఆవిడ మూడేళ్ళలో ఎన్ని ట్యూబులు కొందో లెక్క లేదు. చీటీ మాత్రం ఒక్కసారీ ఎవరూ అడగలేదు.

పేరు లేని తెల్ల డబ్బా ఏదో పార్లర్ వాళ్ళు తూకం వేసి ఇచ్చినదట. అందులో ఏముందో చూసి చెప్పలేం. ఇలాంటి వాటిలో పాదరసం ఉండే అవకాశం ఉంటుంది. 2023లో కేరళలోని మలప్పురం జిల్లాలో ఫెయిర్‌నెస్ క్రీములు వాడినవాళ్ళలో కిడ్నీ జబ్బులు బయటపడిన సంగతి చాలామంది చదివే ఉంటారు. మూత్రంలో ప్రొటీన్ పరీక్ష రాశాను. నార్మల్ వచ్చింది. డబ్బాని అక్కడే వదిలెయ్యమన్నాను.

ఇక ముఖం. మచ్చల కేసులో నేను చేసే మొదటి పని కిటికీ పక్కన కూర్చోబెట్టి, దూరం నుంచి ఒకసారి, దగ్గర నుంచి ఒకసారి చూడడం. తర్వాతే డెర్మోస్కోపు, అంటే చర్మాన్ని పెద్దది చేసి చూపించే భూతద్దం. యూవీ వెలుతురిచ్చే వుడ్స్ ల్యాంపు కూడా ఉంది గానీ మన రంగు చర్మంలో అది చెప్పేది తక్కువ.

రెండు చెంపలు, ముక్కు పైభాగం, నుదురు మీద, గడ్డం అడుగున కూడా అంచు తెలియని గోధుమ రంగు, వల అల్లినట్టు. ఇది మంగే. దాని మీద ఎరుపు, సన్నటి నరాలు, చెవి ముందు నూగు. ఇది ట్యూబు చేసిన పని. కుడి కణత నుంచి చెంప ఎముక దాకా మూడు మచ్చలు, పప్పు బద్దంత నుంచి పావలా అంత, అంచు గీసినట్టు స్పష్టంగా ఉన్నాయి. ఇవి మంగు కాదు, ఎండ తెచ్చిన వయసు మచ్చలు. మా భాషలో సోలార్ లెంటిజినీస్. కళ్ళ కింద ఆవగింజల్లా ఉబ్బెత్తు నల్ల చుక్కలు. వీటిని అందరూ పులిపిర్లంటారు గానీ అసలు పులిపిరికుండే వైరస్సు వీటికి ఉండదు. కుటుంబంలో వస్తాయి, హాని లేదు. ఎడమ కణతమీద మైనం అంటించినట్టు గరుకుగా ఒక బిళ్ళ, సెబోరిక్ కెరటోసిస్. అదీ వయసుదే.

అయిదు రకాలు. ఆవిడ దృష్టిలో, పక్క తట్టావిడ దృష్టిలో, మందుల షాపు కుర్రాడి దృష్టిలో అన్నీ కలిపి "మంగు", అన్నిటికీ ఒకటే ట్యూబు. కెరటోసిస్‌కి ఏ క్రీమూ పనిచేయదు. ఎండ మచ్చకి క్రీము ఒక మోస్తరుగా పనిచేస్తుంది. మంగుకి లేజరు కొడితే చాలాసార్లు ఎదురు తిరుగుతుంది. ఒకదాని మందు ఇంకొకదానికి పడదు.

డెర్మోస్కోపులో ఇంకొకటి వెతికాను. హైడ్రోక్వినోన్ ఏళ్ళ తరబడి రాస్తే కొందరిలో చర్మం లోపలి పొరలో నీలం బూడిద రంగు పేరుకుంటుంది, ఆక్రోనోసిస్ అంటాం. మచ్చ నల్లబడుతోందని ఇంకాస్త క్రీము రాస్తారు, అది ఇంకా నల్లబడుతుంది. అదృష్టవశాత్తు ఈవిడకి ఆ ఛాయలు కనపడలేదు.

కుడివైపు ఎక్కువ, ఎడమవైపు తక్కువ. ఇది నన్ను ఆపింది. మంగు సాధారణంగా రెండు వైపులా సమానంగా ఉంటుంది.

"హార్బర్లో ఎటు తిరిగి కూర్చుంటావమ్మా?"

ఆవిడ నా గదిలోనే దిక్కులు చూసుకుని, కుర్చీ కొంచెం జరిపి చూపించింది. ఉత్తరం వైపు మొహం. అంటే కుడి చెంప తూర్పుకి, సముద్రానికి. విశాఖలో పొద్దున్న ఎండ సముద్రం మీద నుంచి అడ్డం లేకుండా వస్తుంది. ముప్పై ఏళ్ళు ఆ చెంప మీదే పడింది.

చేతులు చూస్తే ఇంకో కథ. వేళ్ళ వెనక, మణికట్టు దాకా గోధుమ రంగు చారలు. మచ్చలు కాదు, చారలు. ఏదో ద్రవం కారిన జాడ లాగా. వేళ్ళ సందుల్లో ముదురు. అప్పుడు టేబుల్ మీద నిమ్మచెక్క వైపు చూశాను. తట్ట సర్దుకున్నాక నీచు వాసన పోవడానికి చేతులకి నిమ్మకాయ రుద్దుకుని, అదే ఎండలో బస్సు కోసం నిలబడుతుందట. నిమ్మ రసంలోని ఫ్యూరోకౌమరిన్లు ఎండతో కలిస్తే చర్మాన్ని కాలుస్తాయి. మంట తెలియకపోయినా రంగు నెలల తరబడి నిలుస్తుంది. దీనికి మందు రాయలేదు. నిమ్మకాయ ఇంటికెళ్ళాక రాసుకుని, కడుక్కుని, ఆ రోజుకి మళ్ళీ ఎండలోకి రావద్దన్నాను. "అదొకటే? క్రీమేం నేదా?" అని నిరుత్సాహపడింది. మూడు నెలల్లో చారలు వెలిసిపోయాయి. ఈ కేసులో నేను పైసా ఖర్చు పెట్టించకుండా బాగుచేసింది అదొక్కటే.

మెడ వెనక కొంచెం నల్లగా, ముఖమల్ గుడ్డలా ఉంది. అది చాలాసార్లు షుగరుకి సూచన. దానికి క్రీము కాదు, మూడు నెలల సగటు చెప్పే షుగర్ పరీక్ష. హెచ్‌బీఏ1సీ 6.2 వచ్చింది, అంటే షుగరు గుమ్మం దగ్గర నిలబడి ఉంది. ఫిజీషియన్ దగ్గరకి పంపాను.

ఆ ఫిజీషియన్‌కే ఇంకో మాట కూడా ఫోన్లో చెప్పాల్సి వచ్చింది. ఆవిడ బీపీకి వేసుకునే మాత్రలో టెల్మిసార్టాన్‌తో పాటు హైడ్రోక్లోరోథయాజైడ్ ఉంది. అది కొందరి చర్మాన్ని ఎండకి త్వరగా కమిలేలా చేస్తుంది. రోజుకి ఏడు గంటలు ఎండలో కూర్చునే మనిషికి వేరే మాత్ర ఉంటే మంచిదని అడిగాను. ఆయన విని, దాన్ని తీసేసి ఆమ్లోడిపిన్ చేర్చారు. మాత్రల చీటీ చూడకుండా మచ్చల వైద్యం మొదలుపెట్టకూడదని నేను జూనియర్లకి చెప్పేది ఇందుకే.

కూతురు యూట్యూబులో చూసి వచ్చింది: "మేడమ్, ట్రానెక్సమిక్ యాసిడ్ మాత్రలు వేసుకుంటే మంగు పోతుందట కదా?" తప్పు కాదు. 1979లో జపాన్‌లో వేరే జబ్బుకి ఈ మందు వాడిన ఒక రోగికి మంగు తగ్గడం గమనించారు, అక్కడి నుంచి వచ్చిన వైద్యం ఇది. 250 మిల్లీగ్రాములు రోజుకి రెండుసార్లు, కొన్ని నెలలు. నేనూ చాలామందికి ఇస్తాను. కానీ అది అసలు రక్తస్రావం ఆపే మందు. కాళ్ళు వాచాయా, ఎప్పుడైనా రక్తం గడ్డకట్టిందా అని అడిగాను. తల్లి లేదంది. మళ్ళీ వేరేలా అడిగాను: "ఆపరేషన్లు ఏమైనా అయ్యాయా?" తొమ్మిదేళ్ళ క్రితం గర్భసంచి తీశారట. "అప్పుడు ఎడం కాలు బండలా వాసిపోనాది. ఆరు నెలలు మాత్రలు మింగించినారు." కాలి సిరలో గడ్డ. ఆ రెండో ప్రశ్న వెయ్యకపోయి ఉంటే, మంగు కోసం ఇచ్చిన మాత్ర ఊపిరితిత్తుల దాకా గడ్డ తేగలిగేది. మాత్రలు లేవన్నాను. కూతురి మొహం చిన్నబోయింది.

మొదటి చీటీలో ఉన్నవి ఇవే: ట్యూబు ఆపడం, సబ్బు లేని క్లెన్సర్, మాయిశ్చరైజర్, రంగున్న సన్‌స్క్రీన్, మంట వస్తే రాత్రిపూట పలచగా టాక్రోలిమస్ అనే స్టెరాయిడ్ కాని పూత మందు. మచ్చలు తగ్గించే మందు ఒక్కటీ లేదు. స్టెరాయిడ్‌కి అలవాటుపడిన చర్మం మీద ఏది రాసినా మండుతుంది, మండితే మన చర్మం నల్లబడుతుంది. ఎనిమిది వారాలు ఏమీ చెయ్యకపోవడమే వైద్యం. ట్యూబు ఆపాక రెండు వారాల్లో మొహం మండుతుందని, ఎర్రబడుతుందని, అప్పుడు భయపడి మళ్ళీ ట్యూబు కొనవద్దని కూతురి చేత చీటీ వెనక పెద్ద అక్షరాలతో రాయించాను.

తొమ్మిదో రోజు రాత్రి కూతురు వాట్సాప్‌లో ఫోటో పంపింది. ఉడికిన రొయ్యలా ఉంది మొహం. మర్నాడు పొద్దున్నే తల్లే ఫోన్ చేసింది: "ఏటి డాక్టరమ్మా, ఉన్నది పోనాది, కొత్తది వచ్చినాది. పక్కోళ్ళు సీదరించుకుంటన్నారు. ఆ ట్యూబే నయం." ఆ ఫోన్ కాల్‌లో పదిహేను నిమిషాలు గడిపాను. చల్లటి నీళ్ళ గుడ్డ వెయ్యడం, టాక్రోలిమస్ కొంచెం తరచుగా, దురదకి రాత్రి ఒక మాత్ర. మామూలుగా ఈ దశలో కొందరికి డాక్సీసైక్లిన్ అనే యాంటీబయాటిక్ ఇస్తాం. కానీ అదీ ఎండకి చర్మాన్ని సున్నితం చేస్తుంది, హార్బర్ మనిషికి వద్దనుకున్నాను. ఇలాంటి కేసుల్లో సగానికి సగం ఈ రెండు వారాల్లోనే జారిపోతాయి. ఈవిడ జారలేదు. ఎందుకంటే కూతురు ఆ ట్యూబుని తీసుకెళ్ళి చెత్తబుట్టలో కాదు, మురిక్కాలవలో పడేసింది.

సన్‌స్క్రీన్ దగ్గర పెద్ద గొడవ. యూవీ కిరణాలే కాదు, కంటికి కనపడే వెలుతురు కూడా మన రంగు చర్మంలో మంగుని ముదరబెడుతుంది. మామూలు తెల్ల సన్‌స్క్రీన్ దాన్ని ఆపలేదు. ఐరన్ ఆక్సైడ్ కలిసిన, అంటే మట్టిరంగు ఛాయ ఉన్నది కావాలి. అది రాసుకుని వెళ్తే మొదటి రోజే "పెళ్ళికూతురు నువ్వా, నీ కూతురా?" అన్నారట. పైగా చేపల పనిలో చెమట, ఐసు నీళ్ళు, కొంగుతో మొహం తుడుచుకోవడం. తొమ్మిదయ్యేసరికి ఏమీ మిగలదు.

ఎంత రాస్తున్నారో తెలుసుకోవడానికి నాకో లెక్క ఉంది. రెండు వేళ్ళ పొడవునా గీతలా పిండితే ముఖానికి సుమారు ఒక గ్రాము. పొద్దున్న ఒకసారి, మధ్యలో ఒకసారి, రోజుకి రెండు గ్రాములు. 50 గ్రాముల ట్యూబు ఆవిడకి 25 రోజులు రావాలి. నెలన్నర తర్వాత చూస్తే ట్యూబు ఇంకా సగం ఉంది. "అయిపోద్దని సూసి సూసి రాస్తన్నాను," అంది. ధర ఆవిడ ఒక రోజు లాభానికి దగ్గర. నేను వాదించలేదు.

దానికి బదులు ఒక ఆదివారం పొద్దున్న ఏడున్నరకి హార్బర్‌కి వెళ్ళాను. మాకూ ఇంట్లో వంజరం కావాలి. ఆవిడ తట్ట ముందు నిలబడితే, క్లినిక్‌లో కూర్చుని ఎప్పటికీ తట్టని సంగతి కనపడింది. పైన నీలం పట్టా కట్టి ఉంది, నీడ ఉందనే అనుకుంటోంది. కానీ ఆ పట్టా పలచటిది, వెలుతురు నీలంగా దిగుతోంది. ముందు అల్యూమినియం పళ్ళెం, దాని నిండా ఐసు, ఐసు మీద తడి చేపలు. ఎండ ఆ పళ్ళెం మీద పడి కింద నుంచి ఆవిడ గడ్డం మీదకి మెరుస్తోంది. గడ్డం అడుగున, దవడ కింద, మామూలుగా మంగు రాని చోట ఆవిడకి ఎందుకుందో అప్పుడు అర్థమైంది. నేను కానాగంతలు బేరమాడుతూ ఆ మెరుపు వైపే చూస్తుంటే "ఏటి సూస్తన్నారు, తాజావే!" అంది.

అక్కడే మూడు మార్పులు చేశాం. పీట తిప్పి సముద్రానికి వీపు పెట్టింది. కూతురు పట్టా మీద ఇంకో మందపాటి పట్టా వేయించింది. పళ్ళెం మీద ఖాళీ ఉన్న చోట తడి గోనెపట్టా కప్పమన్నాను. చేప చల్లగా ఉంటుంది, మెరుపూ తగ్గుతుంది. నిజం చెప్పాలంటే ఈ మూడూ నా సన్‌స్క్రీన్ చీటీ కంటే ఎక్కువ పనిచేశాయని నా నమ్మకం.

మార్చి నెలాఖరుకి ఎరుపు దిగింది. అప్పుడు మంగుని లెక్కగట్టాను. నుదురు, రెండు చెంపలు, గడ్డం విడివిడిగా ఎంత మేర ఉంది, ఎంత ముదురు అని చూసి వేసే స్కోరు, ఎంమాసీ అంటాం, గరిష్ఠం 24. ఆవిడది 8.5. అందులో కుడి చెంప ఒక్కదానిదే 4.5. రాత్రిపూట మచ్చలు తగ్గించే అజెలైక్ యాసిడ్ క్రీము మొదలుపెట్టాను, మొదటి వారం రోజు విడిచి రోజు. నెల తర్వాత వారానికి మూడు రాత్రులు ట్రెటినాయిన్ 0.025 శాతం చేర్చాను. కళ్ళ కింద ఆవగింజ చుక్కల్ని తక్కువ కరెంటు మీద సన్నటి సూదితో రెండు విడతల్లో తీశాను. వాటిలో చెప్పుకోవలసిందేమీ లేదు.

చెప్పుకోవలసింది కణత మీది మూడు ఎండ మచ్చల గురించి. అక్కడ నేను తప్పు చేశాను.

ఈ మచ్చలకి 532 నానోమీటర్ల క్యూ-స్విచ్డ్ లేజర్ బాగా పనిచేస్తుంది. తెల్లవాళ్ళ చర్మంలో ఒకటి రెండు సిట్టింగులతో పోతాయి. మన చర్మంలో లేజరు మచ్చని తీసేసి, ఆ చోట కొత్త నలుపుని వదిలి వెళ్ళే ప్రమాదం ఎక్కువ. అందుకే ముందు ఒక చిన్న మచ్చ మీద తక్కువ శక్తితో కొట్టి చూస్తాం. ఏప్రిల్ మొదటి వారంలో అన్నిటికంటే చిన్నదాని మీద కొట్టాను. తాకిన క్షణంలో సన్నటి బూడిద తెలుపు వచ్చింది, అక్కడ ఆపాను. ఎనిమిదో రోజున పొక్కు రాలింది, కింద తేటగా గులాబీ చర్మం. కూతురు సంబరపడి ఫోటో తీసుకుంది. "మిగతావీ తీసెయ్యండి మేడమ్, పెళ్ళి దగ్గరకొచ్చేస్తోంది."

లేజరు తర్వాత వచ్చే నలుపు మొదటి వారంలో రాదు. మూడు నుంచి ఆరు వారాల మధ్య వస్తుంది. ఇది నాకు తెలుసు, ఇంతమందికి చెప్పాను. అయినా మూడో వారం చివర్లోనే మిగతా రెండింటి మీదా కొట్టాను. కారణాలు వెతికితే దొరుకుతాయి: మొదటిది అందంగా మానింది, పెళ్ళి టెన్షన్ వాళ్ళది కాస్తా నాది అయిపోయింది. పైగా అది విశాఖలో ఏప్రిల్ నెలాఖరు. మధ్యాహ్నం యూవీ ఇండెక్సు పది దాటే కాలం. చర్మం మీద ఏదైనా కాల్చడానికి ఏడాది మొత్తంలో అంతకంటే చెడ్డ నెలలు లేవు.

అయిదో వారానికి మొదటి మచ్చ ఉన్న చోట లేత గోధుమ రంగు మొదలైంది. నేను ఆగి ఉంటే అది చూసి మిగతావి ముట్టుకునేదాన్ని కాదు. జూన్ మొదటి వారానికి మిగతా రెండు మచ్చల చుట్టూ ఉంగరాల్లా నల్లటి అంచులు. మచ్చ ఉన్నప్పటి కంటే ముదురు.

దాచలేదు. అద్దం ఇచ్చి, ఇది నా తొందర వల్ల వచ్చిందని, మూడు నాలుగు నెలల్లో తగ్గుతుందని, దీనికి ఫీజు తీసుకోనని చెప్పాను. కూతురు ఏడుపు మొహం పెట్టింది. తల్లి అద్దంలో అటూ ఇటూ చూసుకుని, "పులుసుకి మంట ఎక్కువెట్టీసినారు డాక్టరమ్మా. అడుగంటీసింది," అంది. ముప్పై ఏళ్ళుగా పులుసు కాచిన మనిషి. ఇంతకంటే సరిగ్గా ఆ రియాక్షన్‌ని వర్ణించిన పాఠ్యపుస్తకం నేను చదవలేదు.

లేజరు కట్టేశాం. ట్రెటినాయిన్ ఒక నెల ఆపి, అజెలైక్ యాసిడ్ ఒక్కటే ఉంచాను. ఈలోగా ఆషాఢం వచ్చింది. ఆవిడకి సింహాచలం గిరి ప్రదక్షిణ మొక్కు. కొండ కింద తొలి మెట్టు, తొలి పావంచా దగ్గర కొబ్బరికాయ కొట్టి 32 కిలోమీటర్లు చెప్పుల్లేకుండా నడవాలి. పెళ్ళి కుదిరితే నడుస్తానని మొక్కుకుందట. వద్దనే మాట నా నోట రాలేదు, విశాఖలో ఏ డాక్టరుకీ రాదు. ఎండ తగ్గాక బయలుదేరమన్నాను. సాయంత్రం నాలుగు దాటాక బయలుదేరి, జోడుగుళ్ళపాలెం దగ్గర సముద్రం చూసేసరికి చీకటి పడిందట, మాధవధార దాటేసరికి అర్ధరాత్రి. మర్నాడు మబ్బుగా ఉందని గొడుగు లేకుండా దర్శనం క్యూలో నిలబడదామనుకుంది. మబ్బులోంచి కూడా యూవీ దిగుతుందని నేను చెప్పిన మాట గుర్తొచ్చి కూతురు తువ్వాలు కప్పింది. పాదాల నిండా బొబ్బలతో వచ్చింది. ముఖానికేమీ కాలేదు.

పెళ్ళి వారం ముందు చూశాను. ఎంమాసీ 3.7. ఎరుపు లేదు. చేతుల చారలు ఎప్పుడో పోయాయి. కణత మీద రెండు ఉంగరాలు లేతగా ఇంకా ఉన్నాయి. బ్లీచ్, ఫేషియల్ జోలికి వెళ్ళవద్దని చేతిలో చెయ్యేయించుకున్నాను. మేకప్ చేసే అమ్మాయి ఉంగరాల్ని అయిదు నిమిషాల్లో కప్పేసిందని కూతురు చెప్పింది. నేను ఏడు నెలలు పడిన పాటు విని ఆ అమ్మాయి నవ్వి ఉంటుంది.

తర్వాత అక్టోబర్ దాకా రాలేదు. వచ్చినప్పుడు కుడి చెంప మళ్ళీ కొంచెం విస్తరించింది, స్కోరు 4.3. అడిగితే సన్‌స్క్రీన్ ఆపేసింది. "పెళ్ళయిపోనాది కదా." మంగు పోయే జబ్బు కాదు, అణిగి ఉండే జబ్బు అని మొదటి రోజు చెప్పాను, మధ్యలో చెప్పాను, మళ్ళీ చెప్పాను. ఒక ఊరట ఏంటంటే పీట ఇంకా సముద్రానికి వీపు పెట్టే ఉంది, పట్టాలూ రెండున్నాయి. సన్‌స్క్రీన్ ఖర్చు భరించలేనంటే బలవంతం చెయ్యలేదు. వెడల్పాటి అంచున్న టోపీ, ముక్కు దాకా చున్నీ, తట్ట దగ్గర ఉన్నంతసేపూ ఒక్కసారైనా క్రీము, ఈ మూడింటి మీద ఒప్పందం కుదిరింది. రాత్రి అజెలైక్ యాసిడ్ కొనసాగుతోంది. ఉంగరాలు దాదాపు వెలిసిపోయాయి, డెర్మోస్కోపులో వెతికితే కనపడేంత.

ఎడమ కణత మీద మైనం బిళ్ళ అలాగే ఉంది. అది ప్రమాదం కాదని, కావాలంటే చలికాలంలో, నెమ్మదిగా, ముందు అంచు మీద కొంచెం చూసి తీద్దామని అన్నాను. ఈసారి తొందర లేదని నేనే నవ్వాను.

అద్దంలో దాన్ని వేలితో ఒకసారి తడుముకుంది.

"ఇది ఉండనీండి డాక్టరమ్మా. అన్నీ తీసీస్తే మా ఆయన గుర్తుపట్టొద్దా?"